‘ఆడిషన్’ (1999, తకాషి మీకె) చూసినవాళ్ళున్నారా? నాకు నిద్ర పట్టట్లేదు [స్పాయిలర్లు ఉన్నాయి]

సెకండ్‌షో | శనివారం, రాత్రి 1:52

ఇప్పుడే అయిపోయింది. ఇంట్లో లైట్లన్నీ వేసుకుని కూర్చుని రాస్తున్నా. మా ఆవిడ పుట్టింటికెళ్ళింది. వెళ్ళింది కాబట్టే పెట్టుకున్నా లెండి, దాచడం ఎందుకు. ఎవరో మహానుభావుడు ‘జపాన్ ఎరోటిక్ థ్రిల్లర్లు’ అని లిస్టు వేసి అందులో దీన్ని రెండో నంబరులో పెట్టాడు. ఆ మాట నమ్మి తలుపు గడియ వేసుకుని, వేయించిన పల్లీలు పక్కన పెట్టుకుని కూర్చున్నా.

చూడనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా. అయోయామా అనే పెద్దమనిషికి వీడియోలు తీసే కంపెనీ ఉంటుంది. భార్య ఆస్పత్రిలో పోతుంది. ఏడేళ్ళు గడిచాక, ‘నాన్నా, ముసలాడివైపోతున్నావు, మళ్ళీ పెళ్ళి చేసుకో’ అని కొడుకే అంటాడు. ఈయనకి ఎలాంటి పిల్ల కావాలో కచ్చితమైన లెక్కుంది. నెమ్మదస్తురాలై ఉండాలి, ఏదో ఒక కళ తెలిసుండాలి. సినిమా నిర్మాత అయిన స్నేహితుడు ఒక ఉపాయం చెప్తాడు. ‘లేని సినిమాకి హీరోయిన్ కావాలని ప్రకటన ఇద్దాం, వచ్చినవాళ్ళలో నీకు నచ్చినామెని ఏరుకో.’ అలా వస్తుంది అసామి. ఇరవై నాలుగేళ్ళు, తెల్ల బట్టలు, తల వంచుకుని మాట్లాడుతుంది. తుంటికి దెబ్బ తగిలి బ్యాలే మానేయాల్సి వచ్చిందట. అది చావుని ఒప్పుకోవడం లాంటిదని దరఖాస్తులో రాస్తుంది. ఆ వాక్యం చదివే ఈయన పడిపోతాడు.

మొదటి గంట ఏ దూరదర్శన్ ఆదివారం సినిమాలానో ఉంది. చివరి ఇరవై నిమిషాలు ఆమె ఆయనకి సూదులు గుచ్చి, రంపపు తీగతో కాలు కోస్తుంటే నేను తెర వంక చూడలేదు, పల్లీల గిన్నె వంక చూస్తూ వినేశాను. వినడం ఇంకా ఘోరం.

ఎరోటిక్ అన్నవాడెవడో నాకు ఒక్కసారి దొరకాలి. చూసినవాళ్ళు కాస్త మాట్లాడండి, తెల్లారేదాకా తోడుండండి.

ఖమ్మం పోరడు | రాత్రి 2:10

అన్నా నువ్వు పల్లీలు పెట్టుకున్నవ్. నేను మటన్ బిర్యానీ పెట్టుకున్న. ఆమె కుక్క గిన్నె పట్టుకొని ఆమె ఇంట్ల గోనె మూటల బందీగ ఉన్నోని కాడికి పోయే సీను ఉంటది సూడు. గా గిన్నెల ఏం పోస్తదో సూశినంక బిర్యానీ డబ్బా మూత పెట్టిన. మళ్ళ రెండు దినాలు అన్నం సహించలే. మా అమ్మ జరమొచ్చిందేమోనని నుదురు పట్టి సూసింది.

మోడరేటర్ | ఉదయం 7:05

శీర్షికలో స్పాయిలర్ల హెచ్చరిక చేర్చాను. ఇది పెద్దలకి మాత్రమే అయిన సినిమా, చర్చ కూడా ఆ హుందాతనంలోనే ఉండాలి. దొంగ లింకులు అడగొద్దు, ఇవ్వొద్దు. ‘తెలుగు డబ్బింగ్ ఉందా’ అని ఇప్పటికే ముగ్గురు నాకు విడిగా మెసేజ్ పెట్టారు. నాకు తెలిసి లేదు. ఉన్నా ఆమె గొంతుకి ఎవరు చెప్తారండీ.

రీలు డబ్బా | ఉదయం 8:31

సెకండ్‌షో తమ్ముడూ, దర్శకుడి పేరులోనే హెచ్చరిక ఉంది కదా. మీకె! ‘మీకే చూపిస్తా ఉండండి’ అన్నట్టు.

కొంచెం వెనక కథ చెప్తాను, చూసిన చూపు మారుతుంది. మూలం 1997లో వచ్చిన నవల. రాసింది ర్యు మురకామి. చాలామంది హరుకి మురకామి అనుకుంటారు, ఆయన వేరు, ఈయన వేరు. 1998లో ‘రింగ్’ ఆడిన ఆట చూసి జపాన్‌లో భయం సినిమాలకి గిరాకీ పెరిగింది. ఆ ఊపులో డబ్బు పెట్టినవాళ్ళు తీయించిన సినిమా ఇది. మీకె అప్పటికే థియేటర్లకి వెళ్ళకుండా నేరుగా వీడియో క్యాసెట్ల మీద వచ్చే సినిమాలు ఏడాదికి నాలుగైదు తీసి పారేస్తున్న మనిషి. ఇప్పటికి నూరు దాటించాడు.

2000లో రాటర్‌డామ్ చిత్రోత్సవంలో వేస్తే జనం వరస కట్టి బయటికి నడిచారు. ఒకావిడ నేరుగా దర్శకుడి దగ్గరకెళ్ళి ‘నువ్వు దుర్మార్గుడివి’ అని మొహమ్మీదే అనేసిందట. అదే ఉత్సవంలో అంతర్జాతీయ విమర్శకుల బహుమతి కూడా దీనికే వచ్చింది. కాబట్టి మీరిద్దరూ మంచి సాంగత్యంలోనే ఉన్నారు.

నాకు ముఖ్యమనిపించింది మరొకటి. స్క్రీన్‌ప్లే రాసింది దైసుకె తెంగన్, దర్శకుడు షోహెయి ఇమమురా కొడుకు. మీకె కూడా ఆ ఇమమురా పెట్టిన ఫిల్మ్ స్కూల్లో చదివి, ఆయన దగ్గరే సహాయకుడిగా పనిచేశాడు. ఆ ఇమమురా కుర్రతనంలో ఎవరి దగ్గర అసిస్టెంటు? ఒజు దగ్గర. తండ్రి, పెళ్ళి కావాల్సిన కూతురు, ఇంట్లో చిన్న మాటలు, నేలకి దగ్గరగా పెట్టిన కెమెరా... ఆ ఒజు. ఆయన ‘లేట్ స్ప్రింగ్’ (1949)లో భార్య పోయిన తండ్రి కూతురికి పెళ్ళి చేసి పంపించి, ఖాళీ ఇంట్లో కూర్చుని పండు తొక్క తీస్తాడు. ఇక్కడ బిడ్డే తండ్రిని పెళ్ళి చేసుకోమంటాడు. అదే ఇల్లు, అదే మర్యాద, అదే ఒంటరితనం. ఆ ఇంట్లోకే మీకె సూదుల పెట్టె తెచ్చాడు. మొదటి గంట ‘ఏమీ జరగదు’ అనేవాళ్ళకి నా జవాబు ఇదే.

సీమ సిన్నోడు | ఉదయం 9:15

ఏమప్పా రీలు డబ్బా, నువ్వు ఎన్నన్నా చెప్పు, ఆ మొదటి గంట నాకు ఏమీ జరగల్యా. చేపలు పడతారు, అన్నం తింటారు, ఆఫీసుకు పోతారు. నేను రెండు తూర్లు నిద్రపోయినా. సరిగ్గా ఫోను మోగినప్పుడు మెలకువొచ్చింది. రాకుండా ఉంటే బాగుండు.

రీలు డబ్బా | ఉదయం 9:40

ఫోను సీను గురించి మాట్లాడుకుందాం, ఎందుకంటే నా లెక్కలో సినిమా మొత్తానికి భయంకరమైన సీను అదే. సూదులు కావు, రంపపు తీగా కాదు.

ఆయన ఇంట్లో ఫోను ముందు పెట్టుకుని తటపటాయిస్తుంటాడు. వెంటనే చేస్తే బాగోదని స్నేహితుడు ఆపాడు. కట్ చేస్తే ఆమె గది. సామానేమీ లేదు. నేల మీద కూర్చుని ఉంది, తల పూర్తిగా వంగిపోయి జుట్టు ముందుకి పడింది. ముందు ఫోను. వెనకాల ఒక గోనె మూట. అంతే. ఎన్నాళ్ళుగా అలా కూర్చుందో తెలీదు. చివరికి ఫోను మోగుతుంది. వెంటనే తియ్యదు. జుట్టు చాటున పెదాలు మెల్లగా విచ్చుకుంటాయి. ఇంకోసారి మోగుతుంది. అప్పుడు వెనకున్న మూట ఎగిరిపడుతుంది. లోపలినుంచి ఒక మూలుగు.

ఆ మరుక్షణం ఫోన్‌లో ఆమె గొంతు ఎంత అణకువగా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. మళ్ళీ ఆయన వైపు కట్ అయితే మొహం వెలిగిపోతుంటుంది. మూట సంగతి మనకి తెలుసు, ఆయనకి తెలీదు. అక్కణ్ణుంచి ప్రతి డిన్నరూ మనకి నరకమే. పైగా ఆ గంటసేపూ మనం కూడా ఆయన పక్షానే ఉన్నాం, ‘పాపం మంచివాడు, మంచి పిల్ల దొరికింది’ అనుకుంటూ.

వేపపువ్వు | ఉదయం 11:20

ఇందాకటి నుంచి అందరూ మూట, గిన్నె, సూదులు అంటున్నారు. నాకు ఒళ్ళు జలదరించిన సీను ఎవరూ ఎత్తలేదు. ఆడిషన్ సీనే. హుషారైన మ్యూజిక్ వేసి, కుర్చీలో ఒకరి తర్వాత ఒకరు అమ్మాయిలు వచ్చి కూర్చుంటుంటే వరసగా చూపిస్తాడే, అది. తీసిన పద్ధతి కామెడీ. మా ఆయన నవ్వాడు కూడా. నేను నవ్వలేకపోయాను.

నాకు పద్నాలుగు పెళ్ళిచూపులు జరిగాయి. అంకె తప్పు కాదు, పద్నాలుగే. మా అమ్మ ఒక నోట్‌బుక్కులో రాసి పెట్టింది. ఏ తేదీ, ఎవరు, ఏ చీర, ఏం స్వీటు. కాజాలు పెట్టినప్పుడు రెండుసార్లు తప్పిపోయిందని తర్వాత కాజాలు మానేసి మైసూర్ పాక్‌కి మారింది. నాలుగో సంబంధం వాళ్ళు పాడమన్నారు. ఏడో సంబంధంలో అబ్బాయి మేనత్త ‘అటు కిటికీ దాకా ఓసారి నడిచి రామ్మా, ఆ పుస్తకం అందుకో’ అంది. పుస్తకం ఆవిడకి ఎందుకు? కాలు కుంటుందేమో చూడటానికి. నడిచాను. తెచ్చిచ్చాను. రైల్వే టైంటేబులు అది.

ఇప్పుడు ఆ సీను మళ్ళీ చూడండి. స్నేహితుడు వచ్చినవాళ్ళందరినీ నానా ప్రశ్నలూ అడుగుతుంటాడు. అయోయామా మాట్లాడడు. ఆమె దరఖాస్తు ఎప్పుడో చదివేసి, మనసులో ఖాయం చేసుకుని, మిగతావాళ్ళని ఊరికే కూర్చోబెట్టి లేపుతున్నారు. వాళ్ళు రైళ్ళెక్కి వచ్చుంటారు కదా. బట్టలు అద్దెకి తెచ్చుకునుంటారు. ఆ సినిమా లేదు, రాదు. అసామి వచ్చాక మాత్రం పెద్దమనిషికి నోరు పెగులుతుంది, గొంతు వణుకుతుంది. పెళ్ళిచూపుల్లో అయితే కనీసం ఎందుకు కూర్చోబెట్టారో మాకు తెలుసు. అక్కడ అదీ లేదు.

అందుకే ‘ఎరోటిక్’ అన్నవాడి మీద నాకు కోపం లేదు. ఇద్దరు మగాళ్ళు బల్ల వెనక కూర్చుని ముప్ఫైమందిని చూసుకోవడం... సినిమాలో ఉన్న ఎరోటిక్ అంతా అక్కడే ఉంది. చూస్తున్న మనమూ ఆ బల్ల వెనకే ఉన్నాం.

ఖమ్మం పోరడు | ఉదయం 11:48

అక్కా నువ్వు చెప్పింది కరక్టే, కాదనను. కానీ గట్లని కాలు కోసుడేనా? అయోయామా చెడ్డోడు గాదు. పెండ్లాం పోయినంక ఏడేండ్లు ఒక్కడే పిల్లగాన్ని సాదిండు. అసామిని నిజంగనే ఇష్టపడ్డడు. ఒక్క అబద్ధమాడిండు, గంతే. దానికి గంత శిక్షా? ఇంక కుక్క ఏం పాపం జేశిందక్కా? గా కుక్క కోసమన్న నేను అసామిని మాఫ్ చెయ్య.

వేపపువ్వు | మధ్యాహ్నం 12:05

తమ్ముడూ, కాలు కొయ్యడం న్యాయమని నేను అన్నానా? పగ తీర్చుకున్న వీరనారి అని హారతి పట్టే రకాన్ని కాదు నేను. చిన్నప్పుడు ఆమెని కాల్చిన బ్యాలే మాస్టారిని ఏం చేసినా అర్థం ఉంది, మూటలోవాడు ఏం చేశాడో మనకి తెలీదు. కుక్క దగ్గర నేనూ నీ పార్టీయే.

నేనన్నది ఒక్కటే. ‘ఒక్క అబద్ధం, గంతే’ అన్నావు చూడు. ఆఫీసులో ఒకామె ఉంటుంది, గమనించావా? ఆమెతో ఎప్పుడో ఒక రాత్రి ఏదో జరిగింది. ఆమె వచ్చి తనకి పెళ్ళి కుదిరిందని చెప్తుంది, ఏదో ఆశతో ఒక్క క్షణం ఆగి చూస్తుంది. ఈయన ఫైలు లోంచి సరిగ్గా తలెత్తడు కూడా. ఒక్కో చిన్నదీ విడిగా చూస్తే ఏమీ కాదు. మంచివాడే.

సీమ సిన్నోడు | మధ్యాహ్నం 12:30

ఆఫీసులో ఆమెనా? యాడుంది ఆమె? నేను నిద్రపోయిన ముక్కలోనే పోయినట్టుంది. మళ్ళీ చూడాల్సి వచ్చేట్టుందే ఖర్మ.

కవాసాకి కబుర్లు | సాయంత్రం 5:10

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా చదువుతున్నానే గానీ ఎప్పుడూ రాయలేదు. నేను జపాన్‌లో, కవాసాకిలో ఉంటాను, వచ్చి తొమ్మిదేళ్ళు. ఈ సినిమాని నేను ఇక్కడికి రాకముందు ఒకసారి చూశాను, భాష వచ్చాక ఇంకోసారి. రెండూ ఒకే సినిమాలా లేవు.

అందరికీ గుర్తుండిపోయేది ‘కిరి కిరి కిరి కిరి’ కదా. సూదులు గుచ్చుతూ, పసిపిల్లని జోకొడుతున్నట్టు మెత్తగా అంటుంది. సబ్‌టైటిల్స్‌లో ‘ఇంకా లోపలికి’ అనే అర్థం వచ్చేలా వేస్తారు. నిజానికి అది మాట కాదు, చప్పుడు. జపనీస్‌లో నొప్పులన్నిటికీ ఇలాంటి జంట మాటలుంటాయి. పోయిన ఏడాది కడుపునొప్పితో పక్క వీధి క్లినిక్‌కి వెళ్తే ముసలి డాక్టరుగారు ‘షికుషికునా, కిరికిరినా?’ అని అడిగారు. షికుషికు అంటే సన్నగా లోపల్నుంచి లాగుతున్నట్టు. జుకిజుకి అంటే నాడి కొట్టుకున్నట్టు పోట్లు. కిరికిరి అంటే సూదిలాంటిది గుచ్చి తిప్పుతున్నట్టు. మా అమ్మమ్మ అయితే ‘సలుపా, పోటా, మెలిపెడుతోందా’ అని అడిగేది, అలాగన్నమాట. ఆ క్లినిక్ బల్ల మీద పడుకుని ‘కిరికిరి’ అని నా నోటితో నేను చెప్పినప్పుడు అసామి గుర్తొచ్చి వెన్నులోంచి చలి పుట్టింది. ఆమె ఆయన్ని బెదిరించట్లేదు. ఆయనకి ఎలా నొప్పెడుతోందో ఆయన తరఫున తనే చెప్తోంది. మాటలు అబద్ధమాడతాయి, నొప్పి ఆడదు అన్న అర్థంలో ఒక మాట కూడా అంటుంది, గమనించండి.

వేపపువ్వుగారూ, మీ పెళ్ళిచూపుల పోలిక ఇక్కడి వాళ్ళకీ అర్థమవుతుంది. ఇక్కడా ‘ఒమియాయి’ అని ఉండేది. ఇప్పుడూ ఉంది గానీ తగ్గింది. మధ్యవర్తి ఉంటాడు, అట్ట ఫోల్డరులో ఫొటో, పక్కన చదువూ కుటుంబం వివరాలూ రాసిన కాగితం. 1960ల చివర్లోనే ప్రేమ పెళ్ళిళ్ళు వాటిని దాటేశాయి. ఆ తర్వాత పెళ్ళి కుదిర్చేవాళ్ళు లేక, తమంతట తాము వెతుక్కోవడం రాక మిగిలిపోయినవాళ్ళు బోలెడంతమంది. ఈ సినిమా వచ్చిన కొన్నేళ్ళకి ‘కొంకత్సు’ అని కొత్త మాటే పుట్టింది. ఉద్యోగ వేటని ‘షూకత్సు’ అంటారు, దాన్ని చూసి చేసిన మాట. అంటే పెళ్ళి వేట. మా ఆఫీసులో నలభై దాటిన సహోద్యోగి ఒకాయన ఆ పరిచయ సభలకి వెళ్ళొచ్చి, ‘ఒక్కొక్కరికీ ఐదు నిమిషాలు, తర్వాత గంట కొడతారు’ అని చెప్పాడు. బల్లకి రెండు వైపులా ఆడిషనే.

ఖమ్మం పోరడు | సాయంత్రం 5:22

అక్కా మా దిక్కు కిరికిరి అంటే లొల్లి. ‘గాడు పెద్ద కిరికిరి గాడు’ అంటం. గిప్పుడు ఎవడన్న గట్లంటే నాకు సూదులే కనవడ్తయి. నా భాషను గూడ ఖరాబు జేశిండు మీకె.

క్లాప్‌బోర్డ్ | సాయంత్రం 6:45

నాది వేరే బాధ. నేను నాలుగేళ్ళు కృష్ణానగర్‌లో ఉన్నాను, చిన్న చిన్న వేషాల కోసం తిరిగాను. లేని సినిమాకి ఆడిషన్ అనేది మీకు జపాన్ కథేమో, మాకు మంగళవారం.

ఒకసారి యూసుఫ్‌గూడ వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో, మూడో అంతస్తు. తలుపుకి ఏ4 కాగితం మీద ‘ప్రొడక్షన్ నం. 1’ అని ప్రింటు తీసి అంటించారు. లోపల సోఫా, టీపాయ్ మీద నిమ్మకాయ ఆకారంలో ప్లాస్టిక్ బొమ్మ, ఇద్దరు మగవాళ్ళు. కెమెరా లేదు. ‘కెమెరా లేదేంటి సార్?’ అంటే, ‘ముందు మాట్లాడదాం, తర్వాత స్క్రీన్ టెస్ట్’ అన్నారు. డైలాగు చెప్పమనలేదు. ఇంట్లో ఎవరెవరున్నారు, నాన్న ఏం చేస్తారు, రాత్రి పూట షూటింగైతే పర్లేదా, ఒంటరిగా ఉంటున్నావా. ఇవీ ప్రశ్నలు. అసామిని కూడా దాదాపు ఇలాంటివే అడుగుతారు. పైగా ఎంత దయగా అడుగుతారో. చెడ్డ మాట ఒక్కటీ ఉండదు. నేను బ్యాగు సర్దుకుని మెట్లు దిగి వచ్చేశాను, లిఫ్టు కోసం కూడా ఆగలేదు.

సినిమాలో నాకు గుచ్చుకున్నది ఇది. స్నేహితుడు వాకబు చేస్తాడు. తనని తెలిసినవాడని ఆమె పేరిచ్చిన రికార్డు కంపెనీ మనిషి ఏడాదికి పైగా కనబడట్లేదు, ఆమె చెప్పినవేవీ కలవట్లేదు, ‘జాగ్రత్త’ అంటాడు. ఆమె అబద్ధాలని వాళ్ళు లెక్కపెడుతున్నారు. తామాడిన అబద్ధం మీద కూర్చుని! ఆ సీన్లో నేను గట్టిగా నవ్వాను. పక్కన మా రూమ్మేటు భయపడింది.

సెకండ్‌షో | రాత్రి 9:30

క్లాప్‌బోర్డ్ గారూ, ఏమనాలో తెలీట్లేదు. మెట్లు దిగి వచ్చేయడం మంచిపని.

సరే, నా ప్రశ్న ఇంకోటి. చివర్లో జరిగేదంతా కల అంటున్నారు కొందరు. కాలు కోస్తుండగా మధ్యలో ఒక్కసారి ఆయన హోటల్ గదిలో లేస్తాడు, పక్కన ఆమె ఉంటుంది, పెళ్ళికి ఒప్పుకుంటున్నానంటుంది. హమ్మయ్య అనుకున్నా. మళ్ళీ నిద్రపోగానే రంపం దగ్గరికే తెచ్చి పడేశాడు. మీరేమంటారు? కలైతే నాకు ఇవాళైనా నిద్ర పడుతుంది.

రీలు డబ్బా | రాత్రి 10:02

కల పార్టీ వాదన గట్టిదే. బారు సంగతి గుర్తు చేసుకో. అయోయామా ఆమె పనిచేసే బారుకి వెళ్తాడు, మూతపడి ఉంటుంది. యజమానురాలిని ముక్కలు చేశారని, పోలీసులు ముక్కలు పేర్చి చూస్తే మూడు వేళ్ళు, ఒక చెవి, ఒక నాలుక లెక్కకి మించి వచ్చాయని అక్కడ ఒకతను చెప్తాడు. బ్యాలే స్కూల్లో కాళ్ళు లేని మాస్టారిని కూడా స్వయంగా చూసొస్తాడు. తర్వాత మందు కలిపిన విస్కీ తాగి పడిపోయాక కనిపించే మూటలోవాడికి సరిగ్గా అవే ఉండవు. అంటే విన్నవీ చూసినవీ కలిపి ఆయన బుర్రే అల్లుకుంది, తను మోసం చేసిన ఆడపిల్ల తనని ఏం చేస్తుందోనన్న భయం అది, అని వాళ్ళ లెక్క.

నాకు అడ్డొచ్చేది ఒక్కటే. ఆ ఫోను సీన్లో మూట కదిలినప్పుడు అయోయామా గదిలో లేడు. బారు కథ ఇంకా వినలేదు. అది ఆయన చూసింది కాదు, మనం మాత్రమే చూసింది. ఆయన కలే అయితే అది మన కంట్లో ఎందుకు పడింది?

కాబట్టి తమ్ముడూ, ఇవాళ కూడా లైట్లు వేసుకునే పడుకో.

సీమ సిన్నోడు | ఆదివారం, మధ్యాహ్నం 3:15

మళ్ళీ చూసినాబ్బా, ఈ తూరి కాఫీ తాగి. వేపపువ్వు అక్క చెప్పిన ఆఫీసామె కనపడింది. గడప కాడ నిలబడి చూస్తాది, ఈయప్ప పట్టించుకోడు. నేను గూడా మొదటి తూరి ఆయమ్మని చూళ్ళేదు గదా అని ఒక మాదిరి అనిపించింది. ఇంగ దాని గురించి ఎక్కువ ఆలోచించను. కాలు సీను మాత్రం ఈ తూరీ చూడల్యా.

గోదారిగట్టు | ఆదివారం, రాత్రి 8:50

ఆయ్, అందరికీ నమస్కారమండి. నాది రాజమండ్రి. డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాను. నాకు ఇలాంటి సినిమాలు అలవాటు లేదు. మరి ఎందుకు చూశానంటే, కథ ఇదని ఎక్కడో రెండు ముక్కలు చదివాను. భార్య పోయినవాడు, కొడుకు పెళ్ళి చేసుకోమంటాడు అని. అంతవరకే చదివాను, అదే నేను చేసిన పొరపాటు.

మా ఆవిడ పోయి ఐదేళ్ళవుతోందండి. ముప్ఫై ఒక్కేళ్ళ కాపురం. మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు, ‘నాన్నా, ఒక్కడివే ఎన్నాళ్ళు, రెండో పెళ్ళి వాళ్ళకి వెబ్‌సైట్లున్నాయి, ప్రొఫైల్ పెడతా’ అన్నాడు. సినిమాలో కుర్రాడు ఎంత తేలిగ్గా అన్నాడో అంత తేలిగ్గానే. సిగ్గుపడ్డాను గానీ వద్దనలేదు. దాచడమెందుకు, సాయంత్రాలు కష్టంగానే ఉంటుందండి. ఉప్మా ఒక్కడికి చేసుకోవడం ఎంత కష్టమో, ఎంత రవ్వ పోసినా ఇద్దరికవుతుంది.

ప్రొఫైల్ వాడే రాశాడు. ‘రిటైర్డ్ లెక్చరర్, పెన్షన్, సొంత ఇల్లు, బాధ్యతలు లేవు. నలభై ఐదు, యాభై మధ్య వయసు, అణకువ, దైవభక్తి గల, సంగీత పరిచయం ఉన్న స్త్రీ కావలెను.’ సంగీతం ముక్క నేనే చేర్పించాను. సినిమాలో ఆయన స్నేహితుడికి తన కోరికల జాబితా చెప్తుంటే, అక్కడే ఆపేసి కాసేపు వసారాలోకి వెళ్ళి నిలబడ్డాను.

తర్వాతి భాగం నాకు నచ్చలేదండి. అంత క్రూరత్వం అక్కర్లేదని నా అభిప్రాయం, రీలు డబ్బా గారు క్షమించాలి. భయం కలిగించడానికి ఇంజెక్షన్ చూపిస్తే చాలు, గుచ్చక్కర్లేదు. కానీ మా ఆవిడ పోయిన ఆస్పత్రి వరండాలోనూ పచ్చ రంగు గోడే ఉండేది. మొదట్లో ఆ ఆస్పత్రి సీను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. అలాంటి సినిమాలో అలా మొదలుపెట్టడం దర్శకుడి గడుసుతనం.

ఖమ్మం పోరడు | రాత్రి 9:04

సార్, సంగీతం ఓకే గని డ్యాన్సు వచ్చినామె ఇంటరెస్టు పంపిస్తె జర ఇంట్ల మూట గిన ఉందేమో కనుక్కోండ్రి 🙏

వేపపువ్వు | రాత్రి 9:20

పోరడా, నోర్ముయ్. మాస్టారూ, వాడి మాట పట్టించుకోకండి. ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ ప్రొఫైల్లో మీకు ఏం రాదో రాశారా?

గోదారిగట్టు | రాత్రి 9:41

లేదమ్మా. రాయాలని తోచలేదు. వంట ఉప్మా వరకే వచ్చు, గురక పెడతాను, ఓడిపోతే పేకాటలో కోపమొస్తుంది. ఇవన్నీ ఎవరు రాస్తారు?

కవాసాకి కబుర్లు | రాత్రి 9:55

ఇక్కడి పరిచయ సభల్లో ఆ కాలమ్ ఉంటుందట మాస్టారూ. మా సహోద్యోగి అందులో ‘ప్రత్యేకంగా ఏమీ లేవు’ అని రాశాడట. ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.

గోదారిగట్టు | తరువాతి శుక్రవారం, రాత్రి 10:30

ఈ చర్చ ఆగిపోయిందనుకుంటాను, అయినా రాస్తున్నాను. మీరంతా ఆటపట్టించినట్టే అయిందండి. కాకినాడ నుంచి ఒకావిడ ఇంటరెస్టు పంపించారు. టీచరుగా చేస్తున్నారట, చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్నారట. కూచిపూడి అని చదవగానే మా ఖమ్మం అబ్బాయి గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ఇవాళ సాయంత్రం ఫోన్ చేస్తానని నేను అనుకుంటుండగానే ఆవిడే చేశారు. నేను అడగాల్సినవి ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను, లెక్చరర్ బుద్ధి. ఆవిడ, ‘మీరేమీ అనుకోకపోతే ముందు నేనే అడుగుతానండీ’ అన్నారు. సరేనన్నాను.

‘మీ ఆవిడకి ఏ కూరంటే ఇష్టం?’ అని అడిగారు.

నాకిష్టమైనవన్నీ వరసగా గుర్తొచ్చాయండి. గుత్తొంకాయ, పనసపొట్టు, పులస దొరికిన ఏడాది పులస. అన్నీ ఆవిడ వండినవే. ఆవిడకి ఏదిష్టమో తట్టలేదు. లైన్లో అలా ఉండిపోయాను. కాకినాడ ఆవిడ కూడా ఏమీ అనలేదు, పెట్టేయనూ లేదు. వెనకాల కుక్కరు కూత వినిపించింది.

ఆలోచించి చెప్తానన్నాను.